ఆ పిల్లకి సాయా లేదు, పాగల్‌పన్ లేదు

మా అశ్వారావుపేటలో ఒక పిల్ల మూడేళ్లుగా మంచం మీదే ఉంది. ఇంటర్ దాకా బాగా చదివింది. ఒక వానాకాలం జ్వరం వచ్చింది, పోయింది, తాకత్ మాత్రం తిరిగి రాలేదు. ఒకరోజు గుసుల్ చేస్తే రెండు రోజులు లేవదు. కిటికీ పరదా తీస్తే కళ్లు మంటంటది, వంటింట్లో గిన్నె పడితే చెవులు మూసుకుంటది. రక్తపరీక్షలన్నీ ఠీక్. ఠీక్ అని కాగితం వచ్చిన రోజు నుంచే ఆమెకి అసలు ముసీబత్ మొదలైంది.

ముందు ఒక ఆమిల్ సాబ్ సాయా పడిందన్నాడు. తావీజ్, పొగ, దమ్ చేసిన నీళ్లు. తర్వాత పట్నంలో ఒక డాక్టర్ సాబ్, షాదీ ఇష్టంలేక నాటకం అన్నాడు. నడిపించండి, నడవకపోతే మెంటల్ వార్డులో భర్తీ చేయండి అన్నాడు. ఇద్దరి జుబాన్ వేరు, ఫైసలా ఒక్కటే: ఈ పిల్ల మాట నమ్మొద్దు.

ముందే సాఫ్‌గా చెప్తున్నా, నేను మానసిక వైద్యానికి ఖిలాఫ్ కాదు. డిప్రెషన్‌కి మందు మింగడం సిగ్గు కాదు, గునా అసలే కాదు. నా ఝగడా వేరు. శరీరంలో ఉన్న బీమారీని దిమాగ్ మీద తోసి, మనిషిని జబర్దస్తీగా మంచం నుంచి లాగే హక్కు ఎవరిచ్చారని.

ఈ బీమారీ పేరు మైయాల్జిక్ ఎన్‌సెఫలోమైలైటిస్, పొట్టిగా ఎం.ఇ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1969 నుంచి దీన్ని నరాల వ్యవస్థ జబ్బుల్లోనే రాస్తోంది. దీని అసలు నిషానీ, కాస్త శ్రమపడితే అప్పుడే కాదు, మర్నాడో ఎల్లుండో తబియత్ కుప్పకూలడం. అందుకే "లేచి నడువు, అదే పోతది" అనే మాట ఇక్కడ దవా కాదు, జహర్. 1955లో లండన్ రాయల్ ఫ్రీ ఆస్పత్రిలో మూడొందల మంది దాకా, ఎక్కువగా అక్కడి సిబ్బందే, ఇలా పడిపోయారు. 1970లో ఇద్దరు సైకియాట్రిస్టులు వాళ్లని చూడకుండానే, పాత కాగితాలు తిరగేసి, ఇది హిస్టీరియా అని రాసేశారు. బాధితుల్లో ఆడవాళ్లు ఎక్కువ ఉండటం కూడా వాళ్లకి ఒక సబూత్! ఆ రాతకి ఎంతమంది బలయ్యారో.

ఇంగ్లండులో సోఫియా మీర్జా అనే అమ్మాయి (మీర్జా అనగానే మనవాళ్లేనా అని అడక్కండి, ఎవరైతే ఏం) వెలుతురూ శబ్దమూ తట్టుకోలేక చీకటి గదిలో ఉండేది. 2003లో తలుపు తీయించి మానసిక ఆస్పత్రికి ఎత్తుకెళ్లారు. ట్రిబ్యునల్ విడిపించేసరికి తబియత్ మరీ ఖరాబ్ అయిపోయింది. 2005 నవంబరులో 32 ఏళ్లకే పోయింది. పోస్టుమార్టంలో వెన్నుపాము దగ్గరి నరాల గడ్డల్లో వాపు కనిపించింది. నాటకమాడే మనిషి వెన్నులో వాపు ఎక్కడినుంచి వచ్చింది? డెన్మార్కులో కరీనా హాన్సెన్‌ని 2013లో ఇంట్లోంచి తీసుకుపోయారు, 2016లో గానీ తిరిగి ఇల్లు చూడలేదు. బ్రిటన్ వైద్య మార్గదర్శకాల సంస్థ నైస్ 2021లో గానీ క్రమంగా వ్యాయామం పెంచే పద్ధతి వద్దని రాయలేదు.

మన దగ్గర కానూన్ ఉంది. 2017 మానసిక ఆరోగ్య చట్టం, మానసిక రోగం ఉందో లేదో జాతీయంగానో అంతర్జాతీయంగానో ఒప్పుకున్న వైద్య ప్రమాణాల్ని బట్టే తేల్చాలంటుంది. ఆ ప్రమాణాల్లో ఎం.ఇ. నరాల జబ్బు. కానీ అదే చట్టం 89వ సెక్షన్‌లో ఒక ఖతరా ఉంది: తనను తాను చూసుకోలేని స్థితిలో ఉన్న మానసిక రోగిని, ప్రతినిధి అర్జీ పెడితే, ఒప్పుకోకున్నా 30 రోజుల దాకా భర్తీ చేయొచ్చు. ఎం.ఇ. ముదిరిన మనిషి తనను తాను ఎట్లా చూసుకుంటుంది? డాక్టర్ "మెంటల్" అన్న ఒక్క మాట రాస్తే చాలు, ఆమె కమ్‌జోరీయే ఆమెపై గవాహీ చెబుతుంది. అయితే ఇద్దరు నిపుణులు విడివిడిగా చూడాలి, వాళ్లలో ఒకరు సైకియాట్రిస్టు అయి ఉండాలి. ఆడమనిషి అయితే మూడు రోజుల్లో రివ్యూ బోర్డుకి తెలపాలి. ఇవి అడగండి. అడిగే వాళ్లు ఇంట్లో ఉన్నారని తెలిస్తే చాలామంది కలం ఆగుతుంది.

ఇక మనవాళ్ల సంగతి. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో, దర్గా దగ్గర షిఫా కోసం వదిలిపోయిన వాళ్లు గొలుసులతో కట్టేసి ఉండగానే నిప్పంటుకుని 28 మంది కాలిపోయారు. వాళ్లవి వేరే బీమారీలు, సరే. "మంచికే కట్టాం" అన్న మాట మాత్రం ఒక్కటే.

మనకి నమాజులోనే రుఖ్సత్ ఉంది కదా. నిలబడలేకపోతే కూర్చుని, అదీ కాకపోతే పక్కకి పడుకుని చదవమని ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి)కి ప్రవక్త (స) చెప్పారు. అక్కడ రోగి తన సంగతి తాను చెబితే చాలు. అల్లాహ్ దర్బారులో మాఫ్ అయిన నిలబడటాన్ని ఈ ఫూఫీలు, చాచాలు, డాక్టర్ సాబులు మాఫ్ చేయరా?

ఆ చట్టంలోనే 5వ సెక్షన్ ఉంది. ఎట్లాంటి మానసిక చికిత్స వద్దో, మేజర్ అయినవాళ్లు ముందే రాసి పెట్టుకోవచ్చు. తమ తరఫున మాట్లాడే మనిషినీ 14వ సెక్షన్ కింద ఎన్నుకోవచ్చు. ఆ పిల్ల వాళ్ల అమ్మీ పేరు రాయించింది. మిగతా కాగితం వాళ్ల అమ్మీయే రాస్తోంది, రోజుకి రెండు లైన్లు. అంతకంటే ఎక్కువ చెబితే పిల్ల మర్నాడు కళ్లు తెరవలేదు.