మన సినిమా మన ఊరి హాల్లో ఆడేదెప్పుడు?

1983లో తెలుగులో ఒక చిన్న సినిమా వచ్చింది. పేరు ‘ఇది కథ మాత్రమేనా’. ఈ పత్రిక చదివేవాళ్ళలో దాన్ని చూసినవాళ్ళు చెయ్యెత్తండి అంటే ఎన్ని చేతులు లేస్తాయో నేను ఊహించగలను. 1980లో బెంగుళూరులో దీపా ధన్‌రాజ్, ఆభా భయ్యా, మీరా రావు, నవ్‌రోజ్ కాంట్రాక్టర్ కలిసి పెట్టుకున్న ‘యుగాంతర్’ బృందం, హైదరాబాదులోని స్త్రీ శక్తి సంఘటనతో కలిసి తీసిన సినిమా అది. అందులో పేరున్న తారలెవరూ లేరు. సంఘటన సభ్యులే కూర్చుని మాట్లాడుకుని, కథ అల్లుకుని, తామే నటించారు. నాలుగు గోడల మధ్య భార్య మీద జరిగే హింస, ఇద్దరు ఆడవాళ్ళ మధ్య స్నేహం ఇందులో విషయం. శిక్షాస్మృతిలోకి 498-ఎ సెక్షన్ వచ్చింది కూడా ఆ ఏడాదే. చట్టం రాసినవాళ్ళు ‘క్రూరత్వం’ అన్న ఒక్క మాటతో చెప్పినదాన్ని ఈ ఆడవాళ్ళు తెర మీద చూపించారు.

ఆ సినిమా ఇప్పుడు ఎక్కడుంది? బెర్లిన్‌లో! అక్కడ అర్సెనల్ అనే సంస్థ 1970లో ఒక హాలు తెరిచింది. కొత్త సినిమాల వెంట పరుగెత్తకుండా పాత సినిమాలను, స్వతంత్రంగా తీసిన సినిమాలను ఏరి, వరసగా వేసి, ప్రేక్షకులతో చర్చ పెట్టే హాలు. యుగాంతర్ తీసిన నాలుగు సినిమాలనూ ఆ సంస్థే డిజిటల్‌గా పునరుద్ధరించింది. పుణె ఇంటిపనివాళ్ళ మీద ‘మోల్‌కరీణ్’, నిపాణి పొగాకు కార్మిక స్త్రీల మీద ‘తంబాకు చాకిల ఊబ్ ఆలీ’, చిప్కో ఉద్యమంలోని స్త్రీ గురించి ‘సుదేశ’, నాలుగోది మన తెలుగుది. తెలుగు ఒక్క ముక్క రానివాళ్ళు ఈ సినిమా చూసి, దాని గురించి మాట్లాడుకున్నారు. ప్రొద్దుటూరులో, జమ్మలమడుగులో, పులివెందులలో ఏ హాల్లో వేశారో నాకు చెప్పండి.

‘అదేం పెద్ద సమస్య తల్లీ, కరువుంది, కట్నాలున్నాయి, కువైట్ పోయి చిక్కుకున్న ఆడపిల్లలున్నారు, నీకు సినిమాలు కావాల్సొచ్చిందా’ అని మనలోనే కొందరు అంటారు. నిజమే, అవన్నీ ఉన్నాయి. కానీ మన మీద ఎవరో ఒకరు సినిమా తీస్తూనే ఉన్నారు కదా. 1999లో ‘సమరసింహారెడ్డి’ వచ్చిన దగ్గర్నుంచి రాయలసీమ అంటే దేశానికి కత్తులు, సుమోలు, బాంబులు. ఆ సినిమాల్లో మనం ఎక్కడున్నాం? శవం మీద పడి ఏడిచే చోట. పగ తీర్చుకోమని కొడుక్కి చెప్పే చోట. 2018లో ‘అరవింద సమేత’ ఆడవాళ్ళ కడుపుకోత గురించి నాలుగు మంచి మాటలు చెప్పించింది, కాదనను. అయినా ఆపేవాడు మళ్ళీ కథానాయకుడే. మొగుడు పోయాక కోర్టు వాయిదాలకు తిరిగిన ఆడమనిషి, అప్పు పత్రాల మీద వేలిముద్ర వేసిన ఆడమనిషి, చీనీ తోటలో కూలికి పోయిన ఆడమనిషి తెర మీదకు రాలేదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు నేతగాళ్ళ ఇళ్ళలో తెల్లారకముందే కండెలు చుట్టే ఆడవాళ్ళూ రాలేదు. ఆ పనికి కూలి లెక్కే లేదు, ఇంక సినిమా ఎక్కడ?

సినిమా మనకు పరాయిదా అంటే అదీ కాదు. తెలుగు సినిమాకు పునాది వేసినవాళ్ళలో మన జిల్లావాళ్ళున్నారు. పులివెందుల తాలూకా కొత్తపల్లెలో 1908లో పుట్టిన బి.ఎన్. రెడ్డి వాహినీ సంస్థలో 1940లో ‘సుమంగళి’ తీశారు, వితంతు వివాహం విషయంగా. 1941లో ‘దేవత’ తీశారు. ఇంట్లో పనిచేసే పిల్లను ఇంగ్లండులో చదివొచ్చిన కొడుకు మోసం చెయ్యడం దాని కథ. ఎనభై ఏళ్ళు దాటింది. కువైట్‌లో ఇంటిపని చేసి వచ్చిన మన చెల్లెళ్ళ ముందు ఆ కథ పెడితే వాళ్ళకు చెప్పడానికి ఎన్ని మాటలుంటాయో! దక్షిణాది నుంచి మొదటి ఫాల్కే అవార్డు 1974కు ఆయనకే వచ్చింది. తమ్ముడు నాగిరెడ్డి మద్రాసులో విజయా-వాహినీ స్టూడియోలు నడిపారు. శాంతకుమారి 1920లో పుట్టింది ప్రొద్దుటూరులోనే. గర్వంగా చెప్పుకుంటాం, విగ్రహాలు పెడతాం. సినిమాలు మాత్రం వెయ్యం.

వేస్తే చూసి దండం పెట్టి రావాలని కాదు. ‘మల్లీశ్వరి’ (1951) తీసుకోండి. పాటలు మనకందరికీ నోటికొచ్చు. మారువేషంలో వచ్చిన రాయలవారితో నాగరాజు సరదాగా, మల్లికి పల్లకీ పంపించమని అంటాడు. పల్లకీ నిజంగానే వస్తుంది. తల్లికి డబ్బాశ. పిల్ల అంతఃపురంలోకి వెళ్ళిపోతుంది. ఇద్దరు మగవాళ్ళ వేళాకోళానికీ ఒక తల్లి ఆశకూ మధ్య మల్లిని ‘నీకిష్టమేనా’ అని అడిగిందెవరు? ఈ ప్రశ్న జమ్మలమడుగులో పదహారేళ్ళకే పెళ్ళి చూపులకు కూర్చున్న పిల్లలు వేస్తే వినాలని నాకుంది. పులివెందుల ప్రాంతంలోనే పుట్టిన రాచమల్లు రామచంద్రారెడ్డి 1968లో కడప నుంచి ‘సంవేదన’ నడిపి, పుస్తకంతో ఎట్లా పోట్లాడాలో నేర్పారు. సినిమాతో అట్లా పోట్లాడ్డం మనం ఇంకా మొదలు పెట్టనే లేదు.

ఫోన్లో చూడొచ్చు కదా అంటారు. చూడొచ్చు, ఆ ఫోను మొగుడి చేతిలో లేనప్పుడు. పొయ్యి మీద అన్నం పొంగనప్పుడు. అత్త పక్కన లేనప్పుడు. టూరింగు టాకీసుల కాలంలో ఆడవాళ్ళకు ఒక పక్క, మగవాళ్ళకు ఒక పక్క, మధ్యలో అడ్డం ఉండేది. ఆ అడ్డానికి ఇవతల కూర్చున్న మా అమ్మ తరానికి ఆ రెండున్నర గంటలు ఎవరూ పేరు పెట్టి పిలవని రెండున్నర గంటలు. పక్కన ఏడ్చే మనిషిని చూసి ‘నీకూ ఇంతేనా’ అని అడిగే వీలు హాల్లో ఉంది. అర్ధరాత్రి దుప్పటి కింద ఫోనులో లేదు. నాకు హాలు కావాలనేది అందుకే.

ఈ ఉద్దేశంతో ఆ మధ్య మేము ముగ్గురం ఒక హాలు యజమాని దగ్గరికి పోయాం. నెలకొక ఆదివారం పొద్దుటి ఆట మాకు బాడుగకివ్వమన్నాం. ఆయన మంచిగానే కూర్చోబెట్టి టీ తెప్పించాడు.

‘ఈరో ఎవురమ్మా?’

‘ఈరో లేడన్నా, అందరూ ఆడోళ్ళే.’

‘అట్లయితే ఆడోళ్ళే రారు!’

మేమూ నవ్వాం. కానీ ఆయన లెక్క ఆయనది. కొత్త సినిమాకే సగం కుర్చీలు ఖాళీగా ఉంటే, కరెంటు ఖర్చయినా వస్తుందా అని ఆయన భయం. ఊరూరా పాత హాళ్ళు కల్యాణ మండపాలుగా మారుతుంటే ఆయన్ను తప్పు పట్టలేను. ఆడవాళ్ళు రారన్న మాట మాత్రం ఒప్పుకోను. సారా వద్దని 1992లో నెల్లూరు పల్లెల్లో రోడ్డెక్కిన ఆడవాళ్ళను ఎవరు రమ్మన్నారు? జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో దళిత స్త్రీలు, చాలామంది బడి మొహం చూడనివాళ్ళు, కెమెరా పట్టి తమ విత్తనాల మీద, బీటీ పత్తి మీద తామే సినిమాలు తీశారు. తీసినవాళ్ళున్నప్పుడు చూసేవాళ్ళు రారా?

ఇక పని సంగతి. పబ్లిక్‌గా వెయ్యాలంటే 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం సర్టిఫికెట్ ఉండాలి. మినహాయింపు ఇచ్చే అధికారం కేంద్ర ప్రభుత్వానిది. కాబట్టి సర్టిఫికెట్ ఉన్న ‘మల్లీశ్వరి’, ‘దాసి’ (1988) లాంటి వాటితో మొదలు పెట్టడం తేలిక. యుగాంతర్ సినిమాలకు తీసినవాళ్ళ అనుమతి రాతపూర్వకంగా అడగాలి, సర్టిఫికెట్ సంగతి ముందే తేల్చుకోవాలి. నిపాణి సినిమా మరాఠీ కాబట్టి ఎవరో ఒకరు కూర్చుని మాటలు తెలుగు చెయ్యాలి. ప్రొద్దుటూరు కండెల ఆడవాళ్ళకు ముందు చూపించాల్సింది అదే అని నా పట్టుదల. బాడుగకు పొదుపు సంఘాల నుంచి తలా ఇంతని చందా వేసుకుందాం. ఏ పార్టీ నాయకుడినీ అడగొద్దు. అడిగితే బ్యానర్ మీద ఆయన బొమ్మ మన సినిమా బొమ్మ కంటే పెద్దదవుతుంది.

ఆట పొద్దున పదింటికైతే మంచిది. పులివెందుల నుంచి, జమ్మలమడుగు నుంచి వచ్చినవాళ్ళు అరగంట చర్చలో కూర్చుని కూడా పొద్దుగూకేలోపు బస్సెక్కి ఇళ్ళు చేరతారు. చంటిపిల్లలను తెచ్చుకోవచ్చు, ఏడ్చినా ఫరవాలేదు. హాల్లో ఆడవాళ్ళ మరుగుదొడ్డికి గడియ, నీళ్ళు ఉన్నాయో లేదో బాడుగ మాట్లాడే రోజే చూసుకోండి. మీ ఊరి హాలు ఎంత అడిగిందో, ఎన్ని కుర్చీలున్నాయో, మొదట ఏ సినిమా కావాలో రాసి పంపండి.