ప్రేరణ సరే, పగ్గాలెవరి చేతుల్లో?

మేనేజ్‌మెంట్ విద్యార్థులకు పారిశ్రామికవేత్తల గురించి పాఠం చెప్పాల్సి వచ్చిన ప్రతిసారీ నేను కాకినాడతో మొదలుపెడతాను. అమెరికన్ పాఠ్యపుస్తకంలో మన ఊరి పేరు కనబడగానే వెనుక బెంచీలు కూడా తలెత్తుతాయి. హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్లెలాండ్ 1964లో కాకినాడకు చెందిన సుమారు యాభై మంది వ్యాపారులకు హైదరాబాద్‌లోని చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థలో ప్రేరణ శిక్షణ ఇప్పించాడు. సాధించాలన్న తపన పుట్టుకతో వచ్చేది కాదని, దాన్ని నేర్పవచ్చని, భారతీయుల సంప్రదాయ విశ్వాసాలు అందుకు పెద్ద అడ్డంకి కావని తేల్చాడు. మన పాఠ్యపుస్తకాలు అక్కడితో ఆగిపోతాయి. పరీక్షలో ప్రశ్న కూడా అంతవరకే వస్తుంది.

డేవిడ్ వింటర్‌తో కలిసి ఆయన 1969లో ప్రచురించిన గ్రంథం మరో మాట కూడా చెప్పింది. శిక్షణ ప్రభావం స్పష్టంగా కనబడింది తమ వ్యాపారంలో నిర్ణయాధికారం తమ చేతుల్లోనే ఉన్నవారిలో. ఎవరికో లోబడి పనిచేసేవారిలో ఎంత తపన రగిలించినా అది ఆచరణలోకి పెద్దగా రాలేదు. అంటే కాకినాడ ప్రయోగం అసలు చెప్పింది పగ్గాల గురించి. అరవై ఏళ్లుగా మన మేనేజ్‌మెంట్ పరిశోధన ఈ ముక్కను పక్కనపెట్టి, మనసులను కొలిచే ప్రశ్నావళులనే పంచుతూ వస్తోంది. ఆ శిక్షణకు వచ్చినవారికి అప్పటికే కొట్టుంది, సరుకుంది, బజారులో పేరుంది. అవేవీ లేనివాడి సంగతి ఆ ప్రయోగం పరిధిలోకే రాలేదు.

ఇప్పుడు లెక్కలు చూద్దాం. లక్ష్మీ అయ్యర్, తరుణ్ ఖన్నా, అశుతోష్ వార్ష్ణేయ ఆర్థిక గణన వివరాలను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, జనాభాలో 16.4 శాతం ఉన్న దళితుల యాజమాన్యంలో 2005 నాటికి 9.8 శాతం సంస్థలే ఉన్నాయి. దానికి ఏడాది ముందు వచ్చిన మరో అధ్యయనం వెయ్యి పెద్ద కంపెనీల బోర్డులను పరిశీలించింది. సభ్యుల్లో దాదాపు 93 శాతం అగ్రకులాలవారు. ఎస్సీ, ఎస్టీలు కలిపి 3.5 శాతం. ఈ అంకెలు చూపినప్పుడు సెమినార్లలో తరచూ వినబడే సమాధానం ఒకటుంది: ‘అది సంస్కృతి సమస్య.’

సంస్కృతి అనే ఈ మాటకు మా శాస్త్రంలో ఒక అంకె కూడా ఉంది. గీర్ట్ హోఫ్‌స్టెడ్ లెక్కలో అధికార దూరం అనే కొలమానంలో భారతదేశానికి 77 వచ్చింది. అంటే పై మెట్టును, కింది మెట్టును సహజంగా అంగీకరించే జనం మనం. ఆయన అడిగిందెవరిని? 1967–73 మధ్య ఐబీఎం ఉద్యోగులను. ఆ కాలపు ఐబీఎం భారతీయ కార్యాలయాల్లోని వారి జవాబులను వెలివాడలకు కూడా వర్తింపజేస్తున్నాం. 1927లో మహద్ చెరువు నీళ్లు తాగడానికి కదిలినవారు మెట్లను అంగీకరించినవారేనా అని నా విద్యార్థిని ఒకరు అడిగారు. పాఠ్యపుస్తకంలో ఆ ప్రశ్నకు చోటు లేదు.

పరిపాలనా సంస్కరణలు కూడా ఈ పరిశోధన బాటలోనే నడిచాయి. లోపం దళితుడి మనసులోనో, జేబులోనో ఉందనుకున్నాక శిక్షణ, రుణం ఇస్తే సరిపోతుందన్న నిర్ణయానికి రావడం తేలిక. 2016లో వచ్చిన స్టాండప్ ఇండియా ప్రతి బ్యాంకు శాఖా కనీసం ఒక ఎస్సీ లేదా ఎస్టీ వ్యక్తికి పది లక్షల నుంచి కోటి రూపాయల దాకా రుణమివ్వాలంది. 2021లో తెలంగాణ దళితబంధు కుటుంబానికి పది లక్షలిచ్చింది. మంచిదే, కాదనను. అయితే సరుకు కొనేవాడు లేని వ్యాపారానికి పెట్టుబడి అప్పుగా మిగులుతుంది. మార్కెట్‌లోనే వాటా ఇవ్వడం ప్రభుత్వానికి చేతకాక కాదు. అదే 2021లో తెలంగాణ మద్యం దుకాణాల కేటాయింపులో ఎస్సీలకు 10 శాతం, ఎస్టీలకు 5 శాతం, గౌడలకు 15 శాతం రిజర్వు చేసింది. వాటా గుర్తుకొచ్చింది మద్యం దగ్గర!

అసలైన మార్కెట్ ప్రభుత్వ కొనుగోళ్లు. 2002లో భోపాల్ సదస్సు ఈ డిమాండును ముందుకు తెచ్చింది. దశాబ్దం తర్వాత, 2012 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర ఉత్తర్వు ప్రకారం కేంద్ర శాఖలు, ప్రభుత్వ రంగ సంస్థలు తమ వార్షిక కొనుగోళ్లలో 4 శాతం ఎస్సీ, ఎస్టీల సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి కొనాలి. ఎన్నో ఏళ్లపాటు అది ఒక శాతాన్నీ తాకలేదు. కారణం వెతకడానికి ప్రశ్నావళి అక్కర్లేదు, ఉత్తర్వు చదివితే చాలు. ఎస్సీ, ఎస్టీ సంస్థలు టెండర్‌లో పాల్గొనకపోయినా, షరతులను, ధరను అందుకోలేకపోయినా ఆ 4 శాతాన్ని ఇతర చిన్న సంస్థల నుంచి భర్తీ చేసుకోవచ్చని అందులోనే ఉంది. షరతులు రాసేది కొనే అధికారి. ఎవరూ రాలేదని నమోదు చేసేదీ ఆయనే.

ఉద్యోగాల్లో ఇలా జరిగితే మనం ఊరుకోలేదు. భర్తీ కాని రిజర్వుడు పోస్టులను బ్యాక్‌లాగ్‌గా తర్వాతి సంవత్సరాలకు తీసుకెళ్లి విడిగా లెక్కించేందుకు 2000లో 81వ రాజ్యాంగ సవరణ వచ్చింది. కొనుగోళ్లలో మిగిలిన వాటాకు బ్యాక్‌లాగ్ లేదు. ఏడాది ముగియగానే అది గాలిలో కలుస్తుంది. మూడు శాతానికి పైగా మిగిలిపోయిన ప్రతి ఏటా ఎంత పని, ఎన్ని వర్క్‌షాపులు, ఎంతమంది పిల్లల చదువులు దానితోపాటు పోయాయో ఏ జర్నల్ వ్యాసమూ లెక్కగట్టినట్టు నాకు కనబడలేదు.

ఒక పారిశ్రామికవాడలో ఇనుప పనుల షెడ్డు నడుపుతున్న దళిత యువకుడిని ఆ మధ్య కలిశాను. గోడకు మూడు ప్రేరణ శిక్షణల సర్టిఫికెట్లు, వరసగా, ఫ్రేములు కట్టించి. ఓ సంస్థ పిలిచిన టెండర్‌లో ఈఎండీ మినహాయింపు దొరికింది. కానీ అంతకుముందు మూడేళ్లు అదే సరుకు సరఫరా చేసిన అనుభవం చూపమన్నారు. ‘మొదటి ఆర్డరు ఇస్తేగదా సార్, అనుభవం వచ్చేది?’ అన్నాడు. చిన్న సంస్థలకు పూర్వానుభవం షరతు సడలించే వీలు నిబంధనల్లో ఉంది. సడలించాలా వద్దా అన్నది మాత్రం మళ్లీ ఆ అధికారి చేతిలోనే ఉంది.

అందుకే ఈ ఏడాది ప్రాజెక్టులు ఎంచుకుంటున్న విద్యార్థులను, ప్రశ్నావళులు తీసుకుని దళిత పారిశ్రామికవేత్తల దగ్గరకు వెళ్లవద్దన్నాను. కొనుగోలు విభాగాలకు వెళ్లండి. పూర్వానుభవం షరతును ఎన్ని టెండర్లలో సడలించారు, ఎన్నింటిలో లేదు, ఫైలుపై ఏ కారణం రాశారు, 4 శాతంలో మిగిలింది ఎవరికి వెళ్లింది అని అడగండి అన్నాను. ఇద్దరు ఒప్పుకున్నారు. సమాచార హక్కు దరఖాస్తులు పోయిన వారమే పోస్టులో వెళ్లాయి.