ఏజెన్సీ సరుకు కిరాయిలో డీజిల్ పాలెంత?

అరకు, పాడేరు సంతల నుంచి దిగే సరుకుకు ధర కట్టేటప్పుడు మైదానపు వర్తకులు తేమ చూస్తారు, తాలు చూస్తారు, గోనె బరువు తీస్తారు, తరుగు తీస్తారు. బండి కిరాయి దగ్గరకు వచ్చేసరికి మాత్రం ట్రిప్పుకు ఇంత అని ఒక్క మాటతో తేల్చివేస్తారు. ఆ మాటలో డీజిల్ పాలెంత, అందులో నల్లపొగగా పోతున్నదెంత అనే విచారణ వుండదు. లీటరు డీజిల్ వంద రూపాయల దరిదాపుల్లో వున్న రోజుల్లో ఈ అలక్ష్యం ఖరీదైనదే.

సంతలకు తిరిగే బళ్లలో పాత పికప్పులు ఇంకా చాలానే వున్నాయి. టాటా 207లు, తొలినాటి బొలేరో పికప్పులు, అక్కడక్కడ 407లు. 2020 ఏప్రిల్ నుంచి అమ్మకానికి వచ్చిన బి.ఎస్.6 బళ్లకు పొగ తక్కువే గాని వెల ఎక్కువ. చెడితే కంప్యూటరు పట్టుకొని కంపెనీ మనిషి రావలసిందే. పాత బండి సుంకరమెట్ట దగ్గర ఆగిపోతే అక్కడి మెకానిక్కే నాలుగు పానాలతో లేవదీస్తాడు. కనుక కొండ సరుకు ఇంకా కొన్నేళ్లు వీటిమీదే దిగుతుంది.

ముందుగా లెక్క. విశాఖ నుంచి అరకుకు రానుపోను సుమారు 230 కిలోమీటర్లు. లీటరుకు 11 కిలోమీటర్లు ఇచ్చే బండి 21 లీటర్లు తాగుతుంది. అదే బండిని సరిచేసి 13కు తెస్తే 18 లీటర్ల లోపే సరిపోతుంది. మిగిలేది మూడు లీటర్ల పైమాట, అంటే దాదాపు మూడు వందల రూపాయలు. పన్నెండు క్వింటాళ్ల లోడు మీద పంచితే క్వింటాలుకు పాతిక రూపాయలు, కిలోకు పావలా. కాఫీ గింజలకు, మిరియాలకు పావలా ఒక లెక్క కాదు. చింతపండుకు, అల్లానికి, పనసకాయలకు, కొండచీపుళ్లకు అది లెక్కే. పైగా ఆ పావలా చివరకు ఎవరి దగ్గర తెగుతుందో సంతలో బేరం చూసినవారికి తెలుసు. కిరాయి పెరిగిందన్న కారణంతో తగ్గేది పూర్ణా మార్కెట్టులో అమ్మకం ధర కాదు, కావడి దించిన గిరిజనుడికి చెప్పే కొనుగోలు ధర.

ఇక డీజిల్ ఎక్కడ పోతుంది? కొండ ఎక్కడానికి పోయేదాన్ని ఎవరూ ఆపలేరు. అరకు సముద్రమట్టానికి 900 మీటర్ల పైచిలుకు ఎత్తున వుంది. గాలికొండ దగ్గర దారి ఇంకా ఎత్తుకెక్కి దిగుతుంది. లోడుతో మూడు టన్నులు తూగే బండిని అంత ఎత్తుకు లేపడానికే రెండున్నర లీటర్ల దాకా ఖర్చవుతుంది. ప్రతి అదనపు క్వింటాలుకు ఎక్కుడులో ఎనభై మిల్లీలీటర్లు. బండిలో ఏళ్ల తరబడి పడివున్న తుప్పు జాకీలు, విరిగిన కమాను పట్టీలు, తడిసిన టార్పాలిన్లు వారం వారం గాలికొండ చూసి వస్తున్నాయి. వాటిని దింపడానికి ఖర్చు లేదు.

ఆపగలిగిన ఖర్చులో మొదటిది గాలి. వెయ్యి మీటర్ల ఎత్తున గాలి మైదానంలో కంటే పదో వంతు పలుచన. టర్బో లేని పాత ఇంజను పీల్చే గాలి ఆ మేరకు తగ్గుతుంది. పంపు పోసే డీజిల్ మాత్రం తగ్గదు. కాలడానికి చాలినంత గాలి లేని డీజిలే సైలెన్సరులోంచి మసిగా వస్తుంది. దీనికితోడు ‘లాగుడు చాలడం లేదు’ అని డ్రైవరు చెప్పగానే మైదానపు మెకానిక్ పంపు స్క్రూ తిప్పి డీజిల్ పెంచుతాడు. శృంగవరపుకోట వరకు బండి హుషారుగానే పోతుంది. అనంతగిరి ఎక్కుడులో వెనక వచ్చేవాడికి దారి కనబడదు. కొండకు తిరిగే బండికి పంపును పొగ తేలని చోటికి తగ్గించి కట్టించాలే గాని పెంచరాదు. లాగుడు కొంచెం తగ్గితే ఒక గేరు కిందికి వేసుకోవచ్చును.

ఎయిర్ ఫిల్టరు మాట వేరే చెప్పాలి. సంతకు చేరే మట్టి దారుల్లో ఎర్రదుమ్ము రెండు ట్రిప్పులకే ఫిల్టరును పూడ్చివేస్తుంది. రోడ్డు పక్కన టైరుకు కొట్టి దులిపి మళ్లీ బిగించడం వాడుక. కాగితం ఫిల్టరును ఆ విధంగా కొడితే చిరుగుతుంది, దుమ్ము సిలిండరులోకి పోతుంది, ఏడాదిలో ఇంజను ఆయిలు తాగడం మొదలుపెడుతుంది. కొత్త ఫిల్టరు వెల ఆదా అయిన నాలుగు ట్రిప్పుల డీజిలుతో తీరిపోతుంది. నాజిళ్లను కూడా ఏడాదికొకసారైనా బెంచి మీద పెట్టి ఒత్తిడి, చిమ్ము చూపించాలి. చిమ్మవలసిన నాజిలు కారుతూ వుంటే తక్కిన మరమ్మతులన్నీ దండుగ.

మెకానిక్కుల దగ్గర మరొక అలవాటు వున్నది. ఎక్కుడులో ఇంజను కాగుతున్నదని థర్మోస్టాటును పీకి పారవేస్తారు. కాగడానికి అసలు కారణం రేడియేటరులో పేరుకున్న పాచి, ఫ్యాను బెల్టు వదులు. థర్మోస్టాటు లేని ఇంజను అరకు చలిలో, ముఖ్యంగా డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో, పని వేడికి రావడానికే చాలా దూరం పడుతుంది. చల్లటి ఇంజను ఎక్కువ డీజిల్ తాగుతుంది, త్వరగా అరుగుతుంది. సంత రోజుల్లో తెల్లారకుండా బయలుదేరే బళ్లకు ఈ నష్టం నేరుగా తగులుతుంది.

టైర్లలో గాలి తక్కువైనా, బ్రేకులు పట్టుకున్నా పోయే డీజిల్ కంటికి కనబడదు. విశాఖ నుంచి శృంగవరపుకోట దాకా దారి దాదాపు చదును. అక్కడ బండి ఆపి నాలుగు చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూస్తే ఏ బ్రేకు పట్టుకొని వస్తున్నదో వేడే చెబుతుంది. దీనికి వర్కుషాపు అక్కరలేదు.

సంతలో ఇంజను ఆపకుండా గంటలకొద్దీ వుంచే బళ్లు వున్నాయి. ఆపితే మళ్లీ అందుకోదని డ్రైవరు భయం. బ్యాటరీ చచ్చిందని యజమానికీ తెలుసు. నిలబడి తిరిగే ఇంజను గంటకు అర లీటరు వరకు కాలుస్తుంది. వారానికి రెండు మూడు సంతలు తిరిగే బండి అలా కాల్చిన డీజిలుతో కొత్త బ్యాటరీ ఎన్నాళ్లకు వస్తుందో లెక్క కట్టడం వర్తకులకు కష్టం కాదు.

మైలేజీ పెంచుతామని అమ్మే సీసా మందులు, డీజిల్ గొట్టానికి కట్టే అయస్కాంతాలు పెట్టే ఖర్చుకు ఫలమిచ్చేవి కావు. ఆ డబ్బు నాజిళ్లకు పెడితే మేలు.

అన్నిటికంటె ప్రమాదకరమైన పొదుపు దిగుడులో జరుగుతోంది. ఘాట్ దిగేటప్పుడు గేరు తీసి న్యూట్రల్‌లో వదిలితే డీజిల్ మిగులుతుందని డ్రైవర్లలో గట్టి నమ్మకం. అది తప్పు. బండి గేరులో వుండి యాక్సిలరేటరు మీద కాలు తీసివేస్తే చక్రాలే ఇంజనును తిప్పుతాయి. పంపులోని గవర్నరు డీజిలును ఇంచుమించు పూర్తిగా కట్టివేస్తుంది. న్యూట్రల్‌లో పెడితే ఇంజను తనను తాను తిప్పుకోవడానికి డీజిల్ కాలుస్తూనే వుంటుంది. అంటే గంటసేపు దిగే ఘాట్‌లో న్యూట్రల్ వేసినవాడు మిగల్చింది లేకపోగా అర లీటరు దాకా పోగొట్టుకొంటాడు. బరువంతా బ్రేకు లైనర్ల మీద పడుతుంది. లోడు బండి లైనర్లు కాగి పట్టు వదలడానికి నాలుగు మలుపులు చాలు. 2021 ఫిబ్రవరిలో డముకు దగ్గర పర్యాటకుల బస్సు లోయలో పడి నలుగురు మరణించారు. పట్టు తప్పిన బండికి ఆ దారిలో రెండో అవకాశం వుండదని వేరే చెప్పనక్కరలేదు.

ఈ తప్పును డ్రైవరు మీదకే నెట్టడం న్యాయం కాదు. ట్రిప్పుకు ఇన్ని లీటర్లు అని కోటా కట్టి, మిగిలినది నీదే అనే ఏర్పాటు చేసినవారు యజమానులు; కిరాయిని గీచి గీచి ఆ కోటాను బిగించినవారు వర్తకులు. లోడు విషయమూ అంతే. పన్నెండు క్వింటాళ్ల బండిలో ఇరవై వేస్తే క్వింటాలుకు పడే డీజిల్ తగ్గుతుందన్నది నిజమే, అందుకే వేస్తున్నారు. కాని ఆ తగ్గినది క్లచ్చి ప్లేట్లకు, కమాన్లకు, టైర్లకు తిరిగి కట్టవలసి వస్తుంది. దిగుడులో ఆ అదనపు ఎనిమిది క్వింటాళ్లను రెండో గేరు పట్టి ఆపలేదు.

1973లో, తిరిగి 1979లో చమురు ధరలు భగ్గుమన్నప్పుడు పొదుపు అన్నది ప్రభుత్వ ప్రచార విషయం. 1978లో ఏర్పడిన పెట్రోలియం సంరక్షణ పరిశోధన సంఘం గోడ పత్రికల్లో, లారీ స్టాండుల్లో అదే చెబుతూ వచ్చింది. 2014 అక్టోబరులో డీజిల్ ధర మీద ప్రభుత్వ అదుపు తొలగిన తరువాత అది వర్తకుడి సొంత లెక్క అయింది. అయినా కిరాయి మాట్లాడే పద్ధతి మాత్రం మారలేదు.

పద్ధతి మార్చడం కష్టం కాదు. కిరాయిని, డీజిలును విడదీసి మాట్లాడుకోవాలి. ఒక ట్రిప్పులో ట్యాంకు నిండుగా పట్టించి, తిరిగి వచ్చి అదే బంకులో నిండుగా పట్టిస్తే ఎన్ని లీటర్లు తాగిందో తేలుతుంది. పాత బళ్లలో మీటరు పనిచేయదనే సాకు వున్నది. రోడ్డు పక్క కిలోమీటరు రాళ్లు పనిచేస్తూనే వున్నాయి. మూడు ట్రిప్పుల సగటు తీసి ఆ మేరకు డీజిల్ వర్తకుడే పోయించాలి. బండి బాగు చేయించి తగ్గించిన లీటర్లలో సగం యజమానికి, డ్రైవరుకు వదలాలి. అయితే ఒక షరతు. ఘాట్ దిగాక కొండ అడుగున బండి ఆగినప్పుడు డ్రమ్ములు సెగలు కక్కుతూ, లైనరు కాలిన వాసన వస్తే ఆ ట్రిప్పుకు వాటా లేదు. గేరులో దిగిన బండి డ్రమ్ములు అంతగా కాగవు.

ఖాళీ ఎక్కుడు కూడా వర్తకుల చేతిలో వున్నదే. సరుకు కోసం కొండ ఎక్కే బళ్లు కొన్ని వట్టివే వెళుతుంటే, అదే ఉదయం ఉప్పు, ఉల్లి, కిరాణా వేసుకొని వేరే బళ్లు అదే సంతకు పోతున్నాయి. ఇద్దరు వర్తకులు ముందురోజు మాట్లాడుకొంటే ఒక బండి డీజిల్ మొత్తం మిగులుతుంది. నాజిళ్లు, ఫిల్టర్లు, టైర్లు కలిసి ఇచ్చే ఆదా దీని ముందు చిన్నది. పోటీ వర్తకుడికి తన కొనుగోలు వివరం తెలుస్తుందన్న జంకే దీనికి అడ్డం. సంతలో ఎవరు ఎంతకు కొన్నదీ మధ్యాహ్నానికల్లా అందరికీ తెలిసిపోయే చోట ఆ జంకుకు అర్థం లేదు.

కాఫీ పండ్ల కోత నవంబరులో అందుకుంటుంది. తరువాత మిరియాలు, పసుపు, చింతపండు వరుసగా దిగుతాయి. అప్పుడు ఏ బండికీ ఒక్క రోజు తీరిక దొరకదు. పంపు, నాజిళ్లు బెంచి మీదకు ఎక్కించడానికి, థర్మోస్టాటు తిరిగి బిగించడానికి వర్షాకాలంలో బళ్లు వట్టిగా నిలిచే రోజులున్నాయి.