ఆహార భద్రతా, గిడ్డంగుల భద్రతా?

ఉష్ణమండలపు పండ్లు, కూరగాయల భవిష్యత్తు మీద జరిగే సదస్సులన్నిటిలోనూ ఈ మధ్య ఒకే పాట వినిపిస్తున్నది. దేశంలో పంటకు కొదవ లేదట, పండినదానిలో నలభై శాతం కుళ్లిపోతున్నదట, కాబట్టి ఊరూరా శీతల గిడ్డంగులు కట్టి, రైతును డ్రాగన్ ఫ్రూట్, అవకాడో వంటి ఖరీదైన పంటలకు మళ్లించి, మేలిరకం సరుకును ఓడలకెక్కిస్తే ఆహార భద్రత దానంతటదే సమకూరుతుందట. ఈ పాఠం చెప్పేవారికి ఎంత కంఠతా వచ్చిందంటే, ఆ నలభై శాతాన్ని ఎవరు ఎక్కడ కొలిచారని అడగడమే అమర్యాదగా తోచే పరిస్థితి ఏర్పడింది. మహారాష్ట్రలోని ఠాణే జిల్లా భివండీలో, ధామన్కర్ నాకా పరిసరాల్లో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బతుకుతున్న తెలుగు నేతగాళ్ల కంచాల వైపు ఒక్కసారి చూసినా ఈ వాదం ఎంత డొల్లదో తెలిసిపోతుంది. చూసే తీరిక ఎవరికీ లేకపోవడం వల్లనే అది ఇంతకాలం చెల్లుబాటైంది.

ముందుగా ఆ నలభై శాతం సంగతి తేల్చాలి. కోత కోసింది మొదలు చిల్లర కొట్టు చేరేదాకా జరిగే నష్టాన్ని లూధియానాలోని కేంద్ర పరిశోధన సంస్థ సీఫెట్ దేశవ్యాప్తంగా కొలిచి 2015లో ప్రకటించగా, పండ్లలో అత్యధిక నష్టం జామకు 15.88 శాతమనీ, కూరగాయలలో అత్యధికం టమాటాకు 12.44 శాతమనీ తేలింది. మిగిలినవన్నీ అంతకు తక్కువే. 2022లో నాబార్డు అనుబంధ సంస్థ నాబ్‌కాన్స్ మళ్లీ కొలిస్తే ఆ అంకెలు 15.05కూ, 11.61కూ దిగాయి. ఈ లెక్కలు కట్టినవి ప్రభుత్వ రంగ సంస్థలే తప్ప గిట్టనివారి సంఘాలు కావు. అయినా వేదికల మీద నలభై మాత్రం నలభైగానే నిలిచి ఉన్నది; పన్నెండు శాతం పేరు చెప్పి రాయితీ అడిగితే పెద్దగా రాలదని అడిగేవారికి బాగా తెలుసు.

ఉత్పత్తి గొప్పల కథ కూడా ఇంచుమించు ఇటువంటిదే. పండ్లు, కూరగాయలు, సుగంధ ద్రవ్యాలు, పూలు, తోటపంటలు కలిపి చెప్పే ఉద్యాన పంటల దిగుబడి 2012-13 నాటికే ఆహార ధాన్యాలను దాటిపోయి, 2022-23లో సుమారు 35.5 కోట్ల టన్నులకు చేరింది. అందులో పండ్లు, కూరగాయల వాటాను మాత్రమే తీసి జనాభాకు పంచినా తలకు రోజుకు ఆరు వందల గ్రాములకు పైబడే వస్తుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలలో మనిషికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు కావాలన్నది. అంటే కాగితం మీద ప్రతి నోటికీ కావలసినంతకన్నా ఎక్కువే ఉన్నది. అదే దేశంలో 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతానికి, ఐదేళ్లలోపు పిల్లల్లో 67 శాతానికి రక్తహీనత ఉన్నదని తేల్చింది. రక్తహీనతకు కారణాలు అనేకం ఉండవచ్చు గాని, ఆకుకూరా పండూ కరువైన కంచం వాటిలో ఒకటి కాదని ఏ వైద్యుడూ అనడు. పైగా కూరగాయలని లెక్క వేస్తున్న ఆ రాశిలో ఆలుగడ్డ, ఉల్లిగడ్డ, టమాటా మూడే సగానికి మించి ఉన్నాయన్న సంగతి ఏ ఉపన్యాసంలోనూ వినపడదు.

ఇక ధామన్కర్ నాకాకు రావాలి. కరీంనగర్, నల్లగొండ, వరంగల్ జిల్లాల నుంచి తరాల క్రితమే వలస వచ్చిన పద్మశాలీలు పద్మానగర్, కామత్‌ఘర్ ప్రాంతాలలో స్థిరపడి ఈ పట్టణపు బట్టను నేశారు; నేటికీ నేస్తున్నారు. సాంచాల ఖార్ఖానాలో పన్నెండు గంటల పాళీలు రెండు. పగటి పాళీవాడు లేచిన చాపమీదనే రాత్రి పాళీవాడు పడుకొనే గదులు ఇక్కడ వింత కాదు. అటువంటి గదిలో పొయ్యి ఉండదు, ఉన్నా వండే తీరిక ఉండదు. ఒంటరిగా ఉండే కార్మికుడు నెలకింతని కట్టి బిస్సీలో, అంటే ఏదో ఒక ఇంటి ఆడవాళ్లు వండి పెట్టే మెస్సులో, రెండు పూటలా తింటాడు. బిస్సీ నడిపే ఇల్లాలు ముందే పుచ్చుకున్న డబ్బులో అన్నమూ రొట్టే పప్పూ సర్దిన తరువాత కూరకు మిగిలేది కొద్ది కాబట్టి, పలచటి రసంలో ఆలుగడ్డ ముక్కలు తేలుతాయి. టమాటా ధర పెరిగిన నెలలో ఆ రసం రంగు కూడా మారుతుంది.

పాళీ దిగే వేళకు నాకా దగ్గర తోపుడు బండ్ల మీద మెంతికూర, పాలకూర, తోటకూర కట్టలు ఉండకపోవు. మూతకు చిల్లులు పొడిచిన సీసాతో అమ్మేవాడు గంటకొకసారి వాటి మీద నీళ్లు చిలకరిస్తూ ఉంటాడు, తడి గోనెపట్టా కింద సగం కట్టలు దాస్తాడు, రాత్రి పది దాటితే సగం ధరకు ఇస్తాడు. అయినా కొనేవాళ్లు ఆచి తూచి కొంటారు. ఒక కట్ట కూర ఏరి, మట్టి పోయేదాకా కడిగి, తరిగి, వండేసరికి ముప్పావు గంట పడుతుంది, వండాక గుప్పెడవుతుంది. పగలంతా కండెలు చుట్టి వచ్చిన స్త్రీకి ఆ ముప్పావు గంట ఎక్కడిది? ఆకుకూర తినకపోవడానికి పేదల అజ్ఞానమే కారణమని చెప్పే పోషకాహార ప్రచారకులు కార్మికుల పని గంటలను, కూలి రేట్లను, వంటగది వైశాల్యాన్ని తమ కరపత్రాలలో ఒక్క వాక్యమైనా ప్రస్తావించరు. ఏ శీతల గిడ్డంగి ఈ ముప్పావు గంటను మిగుల్చుతుందో ఆ విజ్ఞులే సెలవియ్యాలి.

శీతల గిడ్డంగి అన్న ఆలోచనే ఉష్ణమండలపు పంటలకు సగమే సరిపోతుంది. ఆపిల్ వంటి చలిదేశపు పండు సున్నా డిగ్రీల దగ్గర నెలల తరబడి నిలుస్తుంది గాని, అరటిని 13 డిగ్రీల దిగువకు దించితే తోలు నల్లబడి, పండే గుణమే పోతుంది. మామిడిదీ దాదాపు అదే సంగతి. వంకాయ, బెండకాయ, పచ్చి టమాటా పది డిగ్రీల దిగువన కొన్నాళ్లుంటే గుంటలు పడి, మెత్తబడి, బయటికి తీసిన వెంటనే కుళ్లుతాయి. ఉద్యాన శాస్త్రంలో దీనిని శీతల గాయం అంటారు; వేడి నేలల్లో పుట్టిన మొక్కల కణపొరలు చలికి తట్టుకోలేక చెదిరిపోవడం వల్ల కలిగే హాని ఇది. తోటకూర, చుక్కకూర వంటివాటిని చల్లని గదిలో పెట్టి నాలుగు రోజులు ఆపడం సాధ్యమే అయినా, ఆ ఖర్చు కట్ట ధరకు మించిపోతుంది. అందువల్లనే దేశంలోని శీతల గిడ్డంగుల్లో సింహభాగం ఇప్పటికీ ఆలుగడ్డలతోనే నిండి ఉంటుంది. పేదవాడి కంచంలో ఇదివరకే ఉన్న ఒక్క కూరను మరింత భద్రపరచడానికే ఇన్ని వేల కోట్లా?

గిడ్డంగుల మహిమను భివండీ కన్నా బాగా ఎరిగిన ఊరు మరొకటి లేదు. ముంబయి నగరపు ఆక్ట్రాయి, అంటే సరుకు ప్రవేశ పన్ను, సరిహద్దుకు ఆవల ఉండడం, ముంబయి-నాసిక్ రహదారి పక్కనే పోవడం అనే రెండు కారణాల వల్ల కాల్హేర్, పూర్ణా, రాహనాళ్, మాన్‌కోలీ గ్రామాల వరి మళ్లు గోదాములుగా మారిపోయాయి. 2017లో జీఎస్టీ వచ్చి ఆక్ట్రాయి పోయినా గోదాములు తగ్గకపోగా, ఫోనులో నొక్కితే ఇంటికి సరుకు చేర్చే కంపెనీల పుణ్యమా అని ఇంకా పెరిగాయి. నాసిక్ టమాటా, ఉల్లి లారీలు ఈ ఊరి పక్కనుంచే వాషీ మార్కెట్‌కు పరుగులు తీస్తాయి. నిల్వ చేసే చోటు ఉంటే చాలు తిండి అందుతుందన్న సిద్ధాంతమే నిజమైతే, దేశంలోకెల్లా పెద్ద గోదాముల పట్టణాలలో ఒకటైన భివండీలో సాంచాల కార్మికుడి బిడ్డ రోజూ బొప్పాయి తినాలి. తినడం లేదు. ఆ బిడ్డ తండ్రి ఆ గోదాముల్లో హమాలీగా కుదిరి, ఎవరో తినబోయే పండ్ల పెట్టెలను దించే అవకాశం మాత్రం ఏర్పడింది.

ఎగుమతి వాదానికీ సమాధానం దూరాన లేదు. 2020 జనవరిలో అనంతపురం జిల్లా తాడిపత్రి నుంచి ముంబయి పక్కనున్న నవసేవా రేవుకు శీతల కంటెయినర్లలో అరటిపండ్ల రైలు బయలుదేరినప్పుడు పత్రికలన్నీ పండుగ చేశాయి. గల్ఫ్ దేశాలవారు మంచి అరటిపండు తినడం మీద ఎవరికీ ఆక్షేపణ ఉండనక్కరలేదు, రైతుకు నాలుగు డబ్బులు మిగిలితే సంతోషమే. అయితే దానిని విదేశీ వ్యాపారమని పిలవాలి గాని ఆహార భద్రత అనే పేరు పెట్టకూడదు. షోలాపూర్‌లోని తెలుగు నేతగాళ్లైనా భివండీ నేతగాళ్లైనా తెలుగు నేలలో పండిన ఆ పండుకు ఆ రైలు వల్ల ఒక్క అంగుళం కూడా దగ్గర కాలేదు.

2018-19 బడ్జెట్‌లో టమాటా, ఉల్లి, ఆలుగడ్డల ధరలను నిలకడ చేయడానికని రూ. 500 కోట్లతో ఆపరేషన్ గ్రీన్స్ పథకం ప్రకటించారు. ఐదేళ్లు తిరిగి 2023 జులై వచ్చేసరికి టమాటా కిలో వంద దాటింది. అప్పుడు ఏం చేశారు? మదనపల్లె వంటి మార్కెట్లలో కొని, లారీల్లో తరలించి, ఢిల్లీలో కిలో 90 రూపాయలకు, తరువాత 80కి, 70కి ప్రభుత్వ సహకార సంస్థలే అమ్మాయి. రాజధాని కేకవేస్తే ప్రభుత్వం కూరల బండి తోయగలదని అప్పుడు రుజువైంది. మరోవైపు రిజర్వు బ్యాంకు 2024లో ప్రచురించిన పరిశోధన పత్రం, వినియోగదారు టమాటాకు ఇచ్చే రూపాయిలో రైతుకు చేరేది 33 పైసలని, అరటికి 31 పైసలని అంచనా కట్టింది. 2025లో చిత్తూరు తోతాపురి మామిడి ధర కుప్పకూలి, గుజ్జు ఫ్యాక్టరీల ఎదుట ట్రాక్టర్లు బారులు తీరినప్పుడు, కంపెనీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇవ్వాలని ఆంధ్రప్రదేశ్ నిర్ణయించవలసివచ్చింది. గుజ్జు ఫ్యాక్టరీలు, శీతల గదులు ఉన్న చిత్తూరు జిల్లాలో జరిగిన సంగతి ఇది.

డ్రాగన్ ఫ్రూట్ సాగును యాభై వేల హెక్టార్లకు విస్తరించాలన్న సంకల్పం గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. జెముడు జాతి మొక్క కాసే చప్పటి పండును పేదల పోషణకు జవాబుగా చూపడం హాస్యం.

అసలు నిర్లక్ష్యానికి గురైనవి వేరే ఉన్నాయి. తొలకరి పడగానే షహాపూర్, మురబాడ్ తాలూకాల నుంచి ఆదివాసీ స్త్రీలు గంపల్లో తెచ్చే అడవి కూరల్లో మరాఠీవారి టాక్లా, తెలంగాణ పల్లెల్లోని తగిరిస ఒకటే. కంటోలీ అంటే బోడకాకర. కుర్డూ అంటే గునుగు. దసరా ముందు పద్మానగర్‌లో బతుకమ్మ పేర్చడానికి గునుగు పూల కోసం వెతికే ఆడపడుచులకు, ఆ మొక్క లేతాకు ఒకప్పుడు తమ నాయనమ్మలు వండిన కూర అని గుర్తుండకపోవచ్చు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు దశాబ్దాలుగా చెబుతున్నదీ అదే: జొన్న, కంది కలిపి వేసిన చేనులో ఎవరూ విత్తకుండానే మొలిచే తుమ్మికూర, దొగ్గలికూర పేదల ఇళ్లకు ఉచిత పోషణ. ఆ కూరల మీదనే పత్తి చేలల్లో కలుపు మందు కొట్టించి, పోయిన పోషణను భర్తీ చేయడానికి రేషను బియ్యంలో ఇనుము కలపడానికి పూనుకున్నారు. మహారాష్ట్ర వ్యవసాయ శాఖ ఏటా ఆగస్టులో అడవి కూరల ఉత్సవం జరిపి ఫొటోలు దిగుతుంది. ఉత్సవం మరునాటి నుంచి ఆ గంపను ఎక్కడ దించుకోవాలో ఆ స్త్రీలకు చోటు చూపదు. తెలంగాణ ఉద్యాన విశ్వవిద్యాలయానికి పద్మశాలీల బిడ్డ, చేనేత సహకారోద్యమ నాయకుడు కొండా లక్ష్మణ్ బాపూజీ పేరు పెట్టుకున్నారు, సంతోషం. ఆ పేరుకు తగినట్టుగా నేతగాళ్లు కొనగలిగే కూరల మీద అక్కడ ఎంత పరిశోధన జరుగుతున్నదో కూడా ఎవరైనా అడగాలి.

చేయవలసినది ఏమిటని నిలదీసేవారికి దారులు లేకపోలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1999లో రైతు బజార్లు తెరిచింది. కేరళ 2020 నవంబరులో పదహారు రకాల కూరలు, పండ్లు, దుంపలకు కనీస ధరను అమలులోకి తెచ్చింది. బ్రెజిల్‌లోని బెలో హొరిజొంతె నగరం 1993 తరువాత మంచి కూడళ్లలో కొట్లకు చోటిచ్చి, బదులుగా నిర్ణీత ధరకు కూరలు, పండ్లు అమ్మించింది. భివండీ-నిజాంపూర్ నగరపాలిక ధామన్కర్ నాకాలో అటువంటి చోటు ఇవ్వలేనంత పేదదేమీ కాదు. బిస్సీలు నడిపే స్త్రీలను ఒక సంఘంగా కూర్చి, టోకు ధరకు ఆకుకూరలు అందిస్తే వేల కంచాలు ఒక్కసారిగా మారతాయి. వివరాలు స్థానికంగా తేల్చుకోవలసినవే.

2013 ఆహార భద్రతా చట్టం మనిషికి నెలకు ఐదు కిలోల ధాన్యాన్ని హక్కుగా చేసింది. కూర గురించి అది కార్మికుడికి ఏ వాగ్దానమూ చేయలేదు. ప్రాథమిక పాఠశాల మధ్యాహ్న భోజనంలో మాత్రం బిడ్డకు రోజుకు 50 గ్రాముల కూరగాయలు పెట్టాలన్న నిబంధన ఉన్నది. పప్పు, నూనె, వంటచెరకుతో కలిపి ఆ పూట వంట ఖర్చుకు 2025 మే నుంచి ఇస్తున్నది 6 రూపాయల 78 పైసలు. శీతల గిడ్డంగికి రాయితీ పత్రం మీద సంతకం పెట్టే అధికారులు ముందుగా ఆ డబ్బుతో ధామన్కర్ నాకాలో ఒక బిడ్డకు సరిపడా కూర కొని చూపించాలి.