ధర్మవిచారమా, ధర్మప్రసంగమా?

విశ్వవిద్యాలయాలలో 'అనువర్తిత నీతిశాస్త్రం' అనే పేరుతో బహిరంగోపన్యాసాలు, చర్చాగోష్ఠులు జరుగుతున్నాయి. మరణాసన్నునికి కృత్రిమశ్వాసను ఎంతవరకు కొనసాగించవచ్చు, అవయవదానంలో ఎవరి సమ్మతి ప్రమాణం, ఒకని జీవనోపాధి పొరుగువాని నీటిని చెరిపినప్పుడు దోషం ఎవరిది అన్నవి వాటిలో చర్చించే విషయాలు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2019లో 'మూల్యప్రవాహ' పేరిట మార్గదర్శకాలు వెలువరించింది. మానవీయ విలువలు, వృత్తినీతి అనే మాటలు నేడు ప్రతి కళాశాల ప్రాంగణంలోనూ వినబడుతున్నాయి.

ఈ గోష్ఠుల పట్ల ఆస్తికలోకంలో ఒక తిరస్కారభావం ప్రబలి ఉన్నది. "ఆచారం లేనివారు ధర్మం చెప్పడమేమిటి? ఇది పాశ్చాత్యుల నుండి తెచ్చుకున్న విద్య. మనకు ధర్మశాస్త్రాలు లేవా?" అన్నది ఆ పూర్వపక్షం. ఇది పరీక్షకు నిలవదు. పైగా ఇది ఆస్తికుల స్వకీయలోపాన్ని కప్పిపుచ్చుతున్నది.

మొదట ఈ విద్య పరాయిదన్న మాటను పరిశీలించవలె. శాస్త్రం స్పష్టంగా చెప్పని చోట ధర్మసందేహం కలిగితే పరిషత్తును ఆశ్రయించమని మనుస్మృతి ద్వాదశాధ్యాయం విధించింది. ఆ పరిషత్తులో వేదవేత్తలతో పాటు హేతువును పరిశీలించేవాడు, తర్కవేత్త, నిరుక్తజ్ఞుడు, ధర్మశాస్త్ర పాఠకుడు, బ్రహ్మచారి, గృహస్థుడు, వానప్రస్థుడు ఉండవలెనన్నది. కర్మలోగాని నడవడిలోగాని సందేహం వచ్చినప్పుడు విచారశీలురు, పరుషస్వభావం లేనివారు, ధర్మకాములు అయిన పెద్దలు ఎట్లా వర్తిస్తారో అట్లా వర్తించమని తైత్తిరీయ శిక్షావల్లి శిష్యునికి బోధించింది. భారతంలో కౌశికుడనే బ్రాహ్మణుడు ధర్మసూక్ష్మం తెలుసుకోవడానికి మిథిలలో మాంసవిక్రేత అయిన ధర్మవ్యాధుని అంగడికి నడిచివెళ్లాడు. గీతాశాస్త్రం పుట్టినదే యుద్ధభూమిలో నిలిచిన ఒక గృహస్థుని కర్తవ్యసందేహం నుండి. సందర్భాన్ని ముందుంచుకొని ధర్మాన్ని విచారించడం ఈ దేశానికి ఎవరో నేర్పినది కాదు.

విశ్వవిద్యాలయంలో ఈ విచారం జరగడమూ తెలుగువారికి కొత్త కాదు. వేదాంతంలో నీతికి స్థానం లేదన్న విమర్శకు సమాధానంగా సర్వేపల్లి రాధాకృష్ణన్ 1908లో మద్రాసు క్రైస్తవ కళాశాలలో విద్యార్థిగా ఉన్నప్పుడే వేదాంత నీతిపై పరిశోధనవ్యాసం రచించారు. ఆయనే 1931 నుండి 1936 వరకు ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఉపాధ్యక్షులుగా ఉన్నారు. తెనాలికి సమీపంలోని సంగం జాగర్లమూడిలో 1924లో జన్మించిన కొత్త సచ్చిదానందమూర్తి ఆ విశ్వవిద్యాలయంలోనే తత్త్వశాస్త్రాచార్యులై, అద్వైతంలో శ్రుతికి యుక్తికి గల సంబంధంపై గ్రంథం రచించారు. ఈ ప్రాంతపు విశ్వవిద్యాలయం ఆచార్య నాగార్జునుని పేరు ధరించింది. శాతవాహన ప్రభువును ఉద్దేశించినదిగా సంప్రదాయం చెప్పే 'రత్నావళి'లో ఆ ఆచార్యుడు శూన్యతను బోధించి ఊరుకోలేదు. చెరసాలలోని బందీలను దయతో చూడమని, అంధులను, రోగులను పోషించమని రాజుకు చెప్పాడు. మతభేదం ఉన్నంతమాత్రాన ఆ మాట విలువ తగ్గదు.

ఇక ఆచారహీనులన్న ఆక్షేపం. ఆచారమంటే ఏమిటో గౌతమ ధర్మసూత్రమే తేల్చి చెప్పింది. నలభై సంస్కారాలను లెక్కించిన తరువాత సర్వభూతదయ, క్షాంతి, అనసూయ, శౌచం, అనాయాసం, మంగళం, అకార్పణ్యం, అస్పృహ అనే ఎనిమిది ఆత్మగుణాలను పేర్కొన్నది. నలభై సంస్కారాలూ జరిగి ఈ ఎనిమిదీ లేనివాడు బ్రహ్మసాయుజ్యం పొందడన్నది. అన్ని శౌచాలలోనూ అర్థశౌచమే శ్రేష్ఠమని, ధనం విషయంలో శుచి అయినవాడే శుచి తప్ప మట్టితో నీటితో శుచి అయినవాడు కాదని మనువు అన్నాడు. ఈ కొలమానం చేతబట్టుకొని ఆస్తికులు ముందుగా తమ మండపం వైపు చూడవలె.

రేపల్లె దిగువన, నిజాంపట్నం తీరం వైపు, మాగాణి పక్కన రొయ్యల చెరువు ఉన్న ఒక ఊరిని మనస్సులో ఉంచుకోవలె. చెరువుకు పెట్టిన ఉప్పునీరు గట్టు కింద ఊరి పొరుగు చేను చౌడుబారవచ్చు, తాగునీటి బావి ఉప్పగిలవచ్చు. ఇది కల్పిత భయం కాదు. ఎస్. జగన్నాథ్ వ్యాజ్యంలో 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఈ హానినే పరిశీలించి, తీరప్రాంత నియంత్రణ మండలంలో సంప్రదాయేతర రొయ్యల సాగును నిషేధించింది. కలుషితం చేసినవాడే నష్టం భరించవలెనన్నది. తరువాత 2005లో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసి ఆ సాగును అనుమతుల పరిధిలోకి తెచ్చింది. చట్టం తన మార్గంలో తాను పోయింది. ధర్మప్రశ్న మాత్రం గట్టు మీదనే నిలిచి ఉన్నది. అనుమతిపత్రం ఉన్నవాడు పొరుగువాని చేనుకు బాధ్యుడు కాడా? అప్పుచేసి చెరువు తవ్వి, పంట పోతే తానే నశించే చిన్నరైతుకూ, వందల ఎకరాల యజమానికీ దోషం సమానమా? కౌలుదారు నష్టపోతే పరిహారం చేరవలసినది భూస్వామికా, కౌలుదారుకా?

ఈ ప్రశ్నలు ఏ ఉత్సవ ప్రవచనంలోనూ వినబడవు. చెరువు యజమాని ఆలయానికి వెండి తొడుగు చేయిస్తాడు, పూర్ణకుంభంతో స్వాగతం పొందుతాడు. చౌడుబారిన చేనువాడు అదే ఆలయంలో వరుసలో నిలబడి తీర్థం పుచ్చుకొని మౌనంగా వెళ్లిపోతాడు. స్వామి సన్నిధిలో ఇద్దరూ సమానులే. అయితే సన్నిధిలో ధర్మం చెప్పవలసినవారు మాత్రం ఇద్దరినీ సమానంగా చూడలేదు. ద్రవ్యశుద్ధిని ప్రశ్నించని మండపానికి విశ్వవిద్యాలయ గోష్ఠిని అపహసించే అధికారం లేదు.

అంతమాత్రాన గోష్ఠి నిర్దోషమని కాదు. దాని దోషం పాశ్చాత్యత్వం కాదు, అనుష్ఠానరాహిత్యం. వక్త ఉభయపక్షాలనూ నిపుణంగా వివరిస్తాడు, శ్రోతలు ప్రశ్నలడుగుతారు, తేనీటితో సభ ముగుస్తుంది. నిర్ణయం లేదు, ప్రాయశ్చిత్తం లేదు, ఎవరి మీదా భారం పడదు. ఎవరి చేను గురించి చర్చ జరిగిందో వాడు సభలో లేడు. ఉన్నా ఆ ఆంగ్లం వానికి అర్థం కాదు. విద్యార్థికి అది పరీక్షలో కొన్ని మార్కులు. మనువు పరిషత్తుకు పెట్టిన నియమం ఇందుకు పూర్తిగా భిన్నమైనది. ధర్మం తెలియక ధర్మం చెప్పినవారిని ఆ పాపం నూరురెట్లై అనుసరిస్తుందన్నాడు. చెప్పినవాడు బాధ్యుడు! ఈ ఒక్క నియమమే ధర్మవిచారాన్ని ధర్మప్రసంగం నుండి వేరుచేస్తున్నది. శ్రీకృష్ణుడు సైతం సమస్తం చెప్పి, దీనిని సంపూర్ణంగా విమర్శించి నీ ఇచ్ఛానుసారం చేయుమన్నాడు. విమర్శించుమన్నాడు, చేయుమని కూడా అన్నాడు. గోష్ఠి మొదటిదానితో ఆగిపోయింది. మండపం మొదటిదానిని కూడా విడిచిపెట్టింది.

ఈ రెండింటినీ కలపడానికి కావలసిన సామగ్రి ఈ మూడు ఊళ్లలోనే ఉన్నది. గురుసన్నిధిలో సంవత్సరాల తరబడి తర్క, మీమాంస, వేదాంతాది శాస్త్రాలను అధ్యయనం చేసినవారిని పరీక్షించే 'తెనాలి పరీక్ష' పండితలోకంలో సుప్రసిద్ధం. విధివాక్యానికి అర్థనిర్ణయం చేయడమెట్లాగో తెలిసినవారు అక్కడికి వస్తారు. బాపట్లలో 1945 నుండి వ్యవసాయ కళాశాల ఉన్నది. నేలలో లవణం ఎంత చేరితే వరి నిలవదో చెప్పగలవారు అక్కడ ఉన్నారు. ప్రశ్న రేపల్లె గట్ల మీద ఉన్నది. మీమాంసకుడు నేల గురించి విననంతకాలం అతని నిర్ణయం అంధం. నేలను పరీక్షించినవాడు కర్తవ్యం చెప్పనంతకాలం అతని జ్ఞానం పంగువు. చేను పోగొట్టుకున్నవానికి ఆసనం లేనంతకాలం ఆ సభ పరిషత్తే కాదు.

కనుక విశ్వవిద్యాలయ ఆచార్యులు తమ గోష్ఠిని ప్రాంగణం దాటించి తెలుగులో జరపవలె. ఆలయపాలకులు అందుకు మండపం తెరవవలె. చర్చకు తొలి విషయంగా ఆలయానికి వచ్చే ద్రవ్యం, ఆలయభూముల కౌలు ఉండవలె; ఇతరుల దోషం ఎంచేముందు తనది ఎంచుకోవడమే శౌచం. చెరువు యజమానీ, చేనువాడూ ఒకే చాపపై కూర్చోవలె. సభ చివర ఒక నిర్ణయం వెలువడవలె, దానికి చెప్పినవారు పూచీపడవలె. తొడుగు చేయించే వెండిలో కొంత పొరుగు చేను బాగుకు పోవలెనని ఆ సభ తేల్చితే, ఆ మాట దాతకు చెప్పే ధైర్యం అర్చకునికి ఉండవలె. ఆ ధైర్యం లేనిచోట ఎన్ని సహస్రనామాలు పఠించినా, ఎన్ని ఉపన్యాసాలు జరిగినా, బావిలో ఉప్పు తగ్గదు.

స్వస్తి.