డప్పుకు రాజీనామా ఎవరికియ్యాలె?

పట్నంలో చదువుకున్నవాళ్లను ఉద్యోగం ఎందుకు మారుతున్నావని అడిగితే నాలుగు కారణాలు చెబుతారు. జీతం చాలట్లేదు. పైవాడితో పడట్లేదు. ఎదుగూ బొదుగూ లేదు. ఇంటికి దూరం. ఒక కాగితం రాసిస్తారు, నెల రోజులు ఆగుతారు, ఇంకో కొలువులో చేరతారు. అడ్డం వచ్చేవాడు లేడు. మరి మన వాడలో డప్పు కొట్టే మనిషి, చచ్చిన గొడ్డును మోసే మనిషి, బొంద తవ్వే మనిషి ఈ పని నేను మానుతానంటే రాజీనామా ఎవరికియ్యాలె? ఎవరో ఆర్డరిచ్చి చేర్చుకున్న కొలువు కాదు గదా. పుట్టుకతో మెడకు చుట్టిన కొలువు. దీనికి రిటైర్మెంటు లేదు, పింఛను లేదు. మానితే మాత్రం శిక్ష ఉన్నది.

బాబాసాహెబ్ 1936లోనే 'కుల నిర్మూలన'లో ఈ సంగతి తేల్చారు. కులం పంచింది పనిని కాదు, పనిచేసేవాళ్లనే అని వాదించారు. ఇంకో సంగతి కూడా చెప్పారు, దాన్ని మన సభల్లో తక్కువగా తలుచుకుంటాం. ఒక పని గిట్టుబాటు కాకపోయినా ఇంకో పనికి పోనివ్వదు కాబట్టి ఈ దేశంలో నిరుద్యోగానికి కులం కూడా ఒక కారణమని.

మన మాదిగవాడల సంగతే చూడండి. ఒకప్పుడు ఈ పనిలో ఎంతో కొంత తిండి ఉండేది. మోట కొట్టే కాలంలో తోలు బొక్కెన లేనిదే పటేలు మడి తడిచేది కాదు. బొక్కెన కుట్టాలి, తొండం కుట్టాలి, చెప్పులు కుట్టాలి. కల్లం కాడ గింజలు కొలిచేవాళ్లు. కరెంటు మోటరు వచ్చింది, బొక్కెన పోయింది. ట్రాక్టరు వచ్చింది, ఎడ్లు తగ్గినయి. కంపెనీ చెప్పులు వచ్చినయి, ఆరె గూట్లో పడ్డది. గిట్టుబాటున్న ముక్కంతా యంత్రమూ షావుకారూ పంచుకున్నారు. కంపు కొట్టే గొడ్డూ, సావు డప్పూ మనకు మిగిలినయి. గింజలు పోయినా వెట్టి పోలేదు. పని మానడానికి ఇంతకంటే వేరే కారణం కావాల్నా?

"ఏ పనైనా దైవమే, పనిలో చిన్నా పెద్దా ఏముంది" అని నీతులు చెప్పేవాళ్లు ప్రతి ఊర్లో ఉంటారు. టీచర్లలో అయితే ఇంకా ఎక్కువ. నేను వాళ్లను ఒకటే అడుగుతా. అంత గొప్ప పనైతే ఊరంతా వదిలి ఒక్క వాడనుంచే మనుషులెందుకు రావాలె?

1976లో వెట్టి కార్మిక వ్యవస్థను రద్దు చేస్తూ చట్టం వచ్చింది. మా నాయిన ఆ తర్వాత కూడా పన్నెండేండ్లు పటేలు కాడ జీతమున్నడు. చట్టం వచ్చిందని ఆయనకు చెప్పినోడే లేడు. నన్ను బడిలో వేసింది ఆయన జీతం మానినంకనే.

ఇప్పుడు మన సంఘాల సంగతికి వస్తా. చాలా ఊర్లలో మన యువకులు సావు డప్పు బంద్ అని తీర్మానం చేస్తున్నారు. మంచిదే. కానీ కొన్నిచోట్ల కొట్టినోడికి జరిమానా అంటున్నారు, డప్పు కోస్తున్నారు. ఇది నాకు నచ్చదు. తీర్మానం చేసిన పిల్లలు హైదరాబాదులో బండ్లు నడుపుకుంటారు, పండుగకు వస్తారు, పోతారు. డప్పు కొట్టేది అరవై ఏండ్ల ముసలాయన. ఆయనకు గుంట భూమి లేదు, పట్నం పోయే కాళ్లు లేవు. ఆయన అడిగేది ఒక్కటే: "మానుతా బిడ్డా, నాకు గింజలెవలిస్తరు?" దీనికి జవాబు లేని తీర్మానం ముసలాయన నెత్తిమీదనే పడుతుంది, పటేలు మీద పడదు. డప్పు మీద కూడా కోపం అక్కర్లేదు. 1994లో మొదలైన మాదిగ దండోర అదే డప్పుతో ఊర్లకు ఊర్లను లేపింది. మన సభలో కొట్టే డప్పు వేరు, దొర ఇంట్లో సావైతే పిలిచిన పిలుపుకు ఉరికిపోయి కొట్టే డప్పు వేరు.

2016 జులైలో గుజరాత్‌లోని ఊనా దగ్గర చచ్చిన ఆవు తోలు తీస్తున్న దళితులను, గోరక్షకులమని చెప్పుకునేవాళ్లు బండికి కట్టి కొట్టారు. అక్కడి మనవాళ్లు గొడ్లను మోసుడు బంద్ చేశారు. సురేంద్రనగర్ కలెక్టరు ఆఫీసు ముందు కళేబరాలు తెచ్చి వేశారు. అంతటితో ఊరుకోలేదు. అహ్మదాబాదు నుంచి ఊనా దాకా నడిచి ఐదెకరాల చొప్పున భూమి ఇయ్యమన్నారు. పని దించినరోజే భూమి అడిగారన్న మాట. మనం దించుడే నేర్చుకున్నాం, అడుగుడు నేర్చుకోలేదు. మన తెలంగాణలో 2014లో దళితులకు మూడెకరాలన్నారు. కొద్ది వేల కుటుంబాల దగ్గరే ఆగిపోయింది. దాన్ని పట్టుబట్టి అడిగిన ఊర్లెన్ని?

పట్నం పోతే పని మారుతుందా అంటే, అక్కడా చీపురూ మోరీ మన చేతికే వస్తున్నయి, అదీ కాంట్రాక్టరు కింద. మనుషులతో పాకీ పని చేయించొద్దని 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం వచ్చినయి. రెండో చట్టం ఆ మనుషులకు వేరే బతుకుదెరువు చూపమన్నది. 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు మోరీలో దిగి చనిపోయినవాళ్ల కుటుంబానికి 30 లక్షలు ఇయ్యాలని చెప్పింది. చావుకు పరిహారం పెరిగింది గానీ, బతికుండగా చూపాల్సిన ఆ వేరే పని ఎక్కడ?

అందుకే తీర్మానానికి ముందు వాడంతా కూసోని లెక్క తీయాలి. ఈ పని మీద ఎన్ని ఇండ్లు బతుకుతున్నయి, వాళ్లకు ఏడాది గింజలు ఎవరెంత పోస్తారు, పట్నంలో ఉన్న పిల్లలు నెలకెంత పంపుతారు. పక్కూరి వాడతో కూడా ముందే మాట్లాడాలి. లేకుంటే సావురోజు డప్పులు ఆటోలో దిగుతయి, మన తీర్మానం నవ్వులపాలవుతుంది.

ఊరు కట్టుబాటు పెడితే భయపడకండి. 1989 అత్యాచారాల నిరోధక చట్టానికి చేసిన సవరణలు 2016 జనవరి 26 నుంచి అమలులో ఉన్నయి. వెట్టి చేయించినా, కళేబరాలు మోయమని, బొంద తవ్వమని బలవంతపెట్టినా, సాంఘిక బహిష్కరణ పెట్టినా నేరమే. ఆరు నెలలకు తక్కువ కాకుండా ఐదేండ్ల దాకా జైలు. దరఖాస్తులో "మమ్మల్ని ఊర్లోకి రానిస్తలేరు" అని ఒక్క ముక్క రాసి ఊరుకోవద్దు. ఏ తారీఖున ఏ దుకాణం సరుకియ్యలేదు, ఎవరు కూలికి పిలవలేదు, ఏ ఆటో ఎక్కించుకోలేదు, చూసినోళ్లెవరు, అన్నీ పేర్లతో రాయండి. రాసే మనిషి లేకుంటే దగ్గర్లో బడిలో మన పంతులెవరైనా ఉంటే పట్టుకోండి. ఆయన రానంటే ఆ సంగతి కూడా పత్రికకు రాయండి.