కారుకూ ఛార్జరుకూ మాట కలవకపోతే?

పిల్లలూ! ఇంట్లో సెల్‌ఫోనుకు ఛార్జి అయిపోతే ఏం చేస్తారు? తీగ తెచ్చి గోడకు తగిలిస్తారు. ఫోను మారుమాట లేకుండా ఛార్జి అవుతుంది. విద్యుత్తుతో నడిచే కారు కూడా బ్యాటరీ ఉన్నదే గదా! మరి దూరప్రయాణంలో దారి మధ్య దానికి ఛార్జి పెట్టబోతే ఒక్కొక్కప్పుడు ఎందుకు మొరాయిస్తుంది? తెర మీద ఎర్ర అక్షరాలు వస్తాయిగాని కరెంటు రాదు. ఎండకు పిల్లలు ఉసూరుమంటారు. పెద్దవాళ్ళు ఫోన్లు పట్టుకుని అటూ ఇటూ తిరుగుతారు. తప్పు కారుదా, ఛార్జరుదా, కరెంటుదా? ఈ నెల ఆ సంగతి తెలుసుకుందాం.

ముందు ఒక చిన్న లెక్క. కరెంటు బిల్లులో ‘యూనిట్లు’ అని ఉంటుంది, చూశారా? ఒక కిలోవాట్ చొప్పున గంటసేపు వాడితే ఒక యూనిట్. ఒక కారు బ్యాటరీలో 30 యూనిట్లు పడతాయనుకోండి. ఇంట్లో 15 ఆంపియర్ల పెద్ద ప్లగ్గు గంటకు సుమారు 3 యూనిట్లు ఇస్తుంది. అంటే ఖాళీ బ్యాటరీ నిండటానికి 10 గంటలు కావాలి. రాత్రి పడుకోబోయేముందు తగిలిస్తే తెల్లవారేసరికి నిండి ఉంటుంది. ఇంట్లో ఉన్నంతసేపూ ఏ చిక్కూ లేదు.

కాని గుంటూరులో బయలుదేరి, చిలకలూరిపేట, మార్టూరు, మేదరమెట్ల దాటి ఒంగోలు చేరినవాళ్ళు అక్కడ 10 గంటలు కూర్చోలేరు గదా! అందుకే రోడ్డు పక్కన ఫాస్ట్ ఛార్జర్లు పెడుతున్నారు. 60 కిలోవాట్ల ఛార్జరు ఉంటే, కారు అంత వేగంగా పుచ్చుకోగలిగితే, అరగంటలో 30 యూనిట్లు ఇవ్వగలదు.

60 కిలోవాట్లంటే ఎంతో తెలుసునా? మిరపతోటకు నీళ్ళు తోడే 5 హార్స్‌పవర్ మోటారు సుమారు 3.7 కిలోవాట్లు తీసుకుంటుంది. అటువంటి మోటార్లు 16 ఒక్కసారిగా వేస్తే ఎంత కరెంటు కావాలో ఇక్కడ ఒక్క కారుకు అంత కావాలి. పొలం గట్టున కనిపించే 63 కె.వి.ఎ. ట్రాన్స్‌ఫార్మరు ఉన్నదే, అది ఇంచుమించు మొత్తం ఈ ఒక్క ఛార్జరుకే సరిపోతుంది!

ఇంత శక్తిని తొందరపడి వదలటం నిప్పుతో చెలగాటం. అందుచేత ఫాస్ట్ ఛార్జరు తీగ తగిలించగానే కరెంటు పంపదు. మొదట కారుతో మాట్లాడుతుంది.

గుంటూరు మిర్చియార్డుకు రైతు టిక్కీలు తెస్తాడు. గేటు దగ్గర వివరం రాయించాలి. సరుకు దింపాలి. వ్యాపారి కాయ రంగూ, తేమా చూడాలి. ధర కుదరాలి. కాటా వెయ్యాలి. ఇన్నీ అయితేగాని టిక్కీ చేతులు మారదు. వీటిలో ఏ ఒక్కటి ఆగినా తతంగమంతా ఆగిపోతుంది. కారుకు ఛార్జి పెట్టటం కూడా సరిగ్గా ఇటువంటిదే. ఒక్కొక్క మెట్టే చూద్దాం.

ఛార్జరు తీగ చివర ఉండే పిడిని ‘గన్ను’ అంటారు. తుపాకీ కాదు లెండి! అందులో కరెంటు ప్రవహించే లావుపాటి కడ్డీలు రెండు. వాటికి పైన సన్నని కడ్డీలు కొన్ని ఉంటాయి. ఇవే మాట్లాడుకోవటానికి. గన్ను సరిగ్గా దిగకపోయినా, లోపల మట్టి చేరినా, కడ్డీ వంగినా, ‘ఎవరో వచ్చారు’ అన్న కబురే కారుకు అందదు. ఇది మొదటి మెట్టు.

రెండోది డబ్బు లెక్క. మీ నాన్నగారో అమ్మగారో ఫోనులో గుర్తును చూపి డబ్బు కడతారు. ఆ కబురు టెలిఫోను గాలి అలల మీద ఎక్కడో దూరాన ఉన్న కంప్యూటరుకు పోయి, అది ‘సరే’ అంటే తిరిగి ఛార్జరుకు రావాలి. అక్కడ సిగ్నలు లేకపోతే? ఛార్జరు బాగుంటుంది, కారు బాగుంటుంది, కరెంటూ ఉంటుంది. ‘సరే’ అన్న ఒక్క మాట రాదు. అంతే, పని ఆగిపోతుంది.

మూడోది అసలు సంభాషణ. ‘నా బ్యాటరీ ఇన్ని వోల్టులది, ఇన్ని ఆంపియర్లకు మించి పంపవద్దు’ అంటుంది కారు. ‘నేను ఇంతవరకు ఇవ్వగలను’ అంటుంది ఛార్జరు. ఇద్దరూ ఒకే భాష మాట్లాడాలి. ఆ భాషకు నియమాలు రాసిపెట్టి ఉన్నాయి. అయినా ఒకే భాషలో యాసలున్నట్టు, ఒక కంపెనీ కారూ మరొక కంపెనీ ఛార్జరూ ఆ నియమాలను కొంచెం తేడాగా పాటిస్తే మధ్యలో మాట తెగిపోతుంది. అందువల్లనే ఒకే ఛార్జరు దగ్గర ముందు కారుకు పని జరిగి, వెనక కారుకు జరగకపోవటం కద్దు.

నాలుగోది భద్రత. గన్ను ఊడి రాకుండా గడియ పడుతుంది. తర్వాత ఛార్జరు తీగలో ఎక్కడైనా కరెంటు భూమికి కారుతున్నదా అని పరీక్షిస్తుంది. తేమ చేరినా, తీగ తొడుగు చిట్లినా ‘పంపను’ అని మొండికేస్తుంది. దాన్ని చూసి కోప్పడకండి. అది మొండితనం కాదు, కాపలా. ఇన్ని పరీక్షలూ నెగ్గిన తర్వాతనే ఆ లావుపాటి కడ్డీలలో కరెంటు కదులుతుంది.

కదిలింది. అయితే చాలామంది ఇక్కడ మరొక ఫిర్యాదు చేస్తారు: ‘60 కిలోవాట్లని రాసి ఉన్నది, 20 మాత్రమే వస్తున్నది, ఇదేం మోసం?’ అని. అన్నివేళలా మోసం కాదు. దీనికి కారణాలు నాలుగు.

మొదటిది, కొన్ని ఛార్జర్లకు గన్నులు రెండుంటాయి. రెండు కార్లు వస్తే ఉన్నది చెరిసగం పంచుతాయి.

రెండోది, ఎంత పుచ్చుకోవాలో నిర్ణయించేది కారే. 25 కిలోవాట్లు మాత్రమే పుచ్చుకోగల కారును ఎంత పెద్ద ఛార్జరు దగ్గర నిలబెట్టినా 25 కంటే ఎక్కువ తీసుకోదు.

మూడోది వేడి. గుంటూరులో మిరపకాయను కోల్డ్ స్టోరేజీలో ఎందుకు దాస్తారు? వేడికి రంగు పోతుంది, నాణ్యం చెడుతుంది. లిథియం బ్యాటరీ కూడా అంతే సుకుమారం. మనకు హాయిగా ఉండే వాతావరణమే దానికీ హాయి. మే నెల ఎండలో కారు రోడ్డు మీద గంటల తరబడి వేగంగా పరుగెత్తి వస్తే బ్యాటరీ అప్పటికే వేడెక్కి ఉంటుంది. ఛార్జి పెడితే మరింత వేడెక్కుతుంది. తీగలో కరెంటు రెట్టింపైతే వేడి నాలుగు రెట్లు పుడుతుంది, మరిచిపోకండి. అందుచేత కారు ‘కొంచెం మెల్లగా’ అంటుంది. ఛార్జరు బీరువాలో గాలి ఆడటానికి పంఖాలున్నాయి. వాటి జల్లెడల్లో దుమ్మూ, దూదిపీచూ పేరుకుంటే ఛార్జరు కూడా వేడెక్కి చేతులెత్తేస్తుంది.

నాలుగోది బ్యాటరీ స్వభావం. లారీలోకి టిక్కీలు ఎక్కించటం చూశారా? మొదట ఖాళీగా ఉన్నప్పుడు చకచకా వేసేస్తారు. చివర సందులు చూసుకుని ఒక్కొక్కటే సర్దాలి. బ్యాటరీలోనూ లిథియం కణాలు పొరల మధ్య చోటు వెతుక్కుని కూర్చుంటాయి. నూటికి 80 వంతులు నిండిన తర్వాత తొందరపెడితే అవి లోపలికి పోలేక పైనే లోహంలాగా పేరుకుని బ్యాటరీని పాడుచేస్తాయి. అందుకే చివరి 20 వంతులు నింపటానికి మొదటి 80 వంతులకు పట్టినంత కాలమూ పట్టవచ్చు. దారిలో 80 వంతులు కాగానే బయలుదేరటమే తెలివి. వెనక కాచుకుని ఉన్నవారికీ మేలు.

ఈ తంటా మన ఊళ్ళకే ప్రత్యేకం అనుకోకండి. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపట్ల మన తెలుగువాళ్ళు ఎందరో ఉన్నారు. మీలో కొందరి బాబాయిలూ, పిన్నులూ అక్కడే ఉండవచ్చు. కొత్త యంత్రాలకు ఆ ప్రాంతం పుట్టిల్లు. 2022లో అక్కడ పరిశోధకులు 181 స్టేషన్లకు స్వయంగా వెళ్ళి, 657 గన్నులను పరీక్షించారు. రెండు నిమిషాలపాటు ఛార్జి అయితే బాగున్నట్టే లెక్క. ఆ మాత్రమైనా బాగున్నవి నూటికి 72.5 మాత్రమే! తెరలు వెలగనివి కొన్ని, డబ్బు పుచ్చుకోనివి కొన్ని, మాట కలవనివి కొన్ని, విరిగినవి కొన్ని. నూటికి దాదాపు 5 చోట్ల తీగ పొట్టిదై కారుకు అందనేలేదు! మరుసటి ఏడు, అంటే 2023లో, ప్రభుత్వ ధనంతో పెట్టే ఛార్జర్లు నూటికి 97 వంతుల కాలం పనిచేసి తీరాలని ఆ దేశం నియమం చేసింది.

మన దేశంలో 2022 జనవరిలో కేంద్ర విద్యుత్ శాఖ, పెద్ద రోడ్లకు రెండు వైపులా 25 కిలోమీటర్లకొక ఛార్జింగ్ స్టేషను ఉండాలని చెప్పింది. మంచి మాటే. కాని మొక్క నాటితే సరిపోదు, నీళ్ళు పొయ్యాలి. చెడిపోయిన ఛార్జరు లేని ఛార్జరు కన్న అన్యాయం. ఎందుచేతనంటే, లేదని తెలిస్తే ఎవరూ దాని మీద ఆశ పెట్టుకుని రారు. ఉన్నదనుకుని వచ్చిన కారులో ఆస్పత్రికి పోయే తాతగారు ఉండవచ్చు, పరీక్షకు పోయే అక్కయ్య ఉండవచ్చు. జల్లెడ దులిపేవాడు, గన్ను తుడిచేవాడు, చెడిన గంటలోనే వచ్చి బాగుచేసేవాడు ఉంటేనే అది స్టేషను. లేకపోతే అది ఉత్త ఇనపబీరువా.

మొదటి మోటారుకారుకూ ఈ కష్టం తప్పలేదు. 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఆమె తన ఇద్దరు కొడుకులను ఎక్కించుకుని, భర్త తయారుచేసిన కారులో మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు బయలుదేరింది. దూరం నూరు కిలోమీటర్ల పైచిలుకు, ఇంచుమించు గుంటూరు నుంచి ఒంగోలుకు ఎంతో అంత. దారిలో పెట్రోలు బంకులు ఎక్కడివి? ఒక ఊళ్ళో మందుల దుకాణంలో బట్టల మరకలు పోగొట్టే ద్రావకం కొని కారులో పోసింది. ఇంధనం గొట్టం పూడుకుపోతే టోపీకి పెట్టుకునే సూదితో పొడిచి బాగుచేసింది. బ్రేకులు అరిగితే చెప్పులు కుట్టేవాడిచేత తోలు వేయించింది. పొద్దుగూకేసరికి ఊరు చేరింది! యంత్రం కన్న, ఆ యంత్రం గుణం ఎరిగి నడపటం గొప్ప.

మనమూ అలాగే ఎరిగి ప్రయాణం చేద్దాం. ఛార్జరు పలకకపోతే గన్ను తీసి, లోపల మట్టి ఏమైనా ఉన్నదేమో కంటితో చూసి, మళ్ళీ గట్టిగా పెట్టి ఒకసారి ప్రయత్నించమని పెద్దవాళ్ళకు చెప్పండి. కాకపోతే రెండో గన్ను. అదీ కాకపోతే స్టేషను మీద రాసి ఉన్న నంబరుకు ఫోను. మీరు మాత్రం గన్ను ముట్టుకోకండి, లోపల వేలుగాని పుల్లగాని పెట్టకండి, ఎర్ర మీట నొక్కకండి. అది అపాయం వచ్చినప్పుడు నొక్కేది. ఎండాకాలంలో తెల్లవారుజామున బయలుదేరటం మేలు. అన్నిటికన్న ముఖ్యం, ఒక స్టేషను మొండిచెయ్యి చూపినా మరొకదానికి చేరగలిగినంత ఛార్జి చేతిలో ఉండాలి.

దీనికి లెక్క చూడండి. మన 30 యూనిట్ల కారు, ఏ.సి. వేసుకుని వేగంగా పోతే, యూనిట్‌కు 6 కిలోమీటర్లు పోతుందనుకోండి. మొత్తం 180 కిలోమీటర్లు. గుంటూరు నుంచి ఒంగోలు సుమారు 110. అక్కడికి చేరేసరికి ఇంకా 70 కిలోమీటర్ల ఛార్జి మిగులుతుంది. ఒంగోలు ఛార్జరు పలకకపోయినా భయం లేదు, సింగరాయకొండ సుమారు 30 కిలోమీటర్లే. అలా కాకుండా, ‘ఇంకా ఉన్నది గదా’ అని ఒంగోలు దాటేసి, సుమారు 70 కిలోమీటర్ల దూరాన ఉన్న కావలిలోనే పెట్టుకుందామనుకున్నవాడి సంగతి? అక్కడ ఛార్జరు మూగపోతే లారీ మీద ఎక్కించి ఈడ్పించుకోవలసిందే!

ఇప్పుడు మీకొక ప్రశ్న. ఒంగోలులో 12 యూనిట్లు మిగిలి ఉన్న ఈ కారుకు 80 వంతులదాకా, అంటే 24 యూనిట్లదాకా ఛార్జి పెట్టారు. ఒకే ఛార్జరుకు రెండు కార్లు తగిలించినందువల్ల మన కారుకు 30 కిలోవాట్లు మాత్రమే వచ్చాయి. ఎన్ని నిమిషాలు పడుతుంది? అక్కడి నుంచి నెల్లూరు సుమారు 125 కిలోమీటర్లు. చేరగలరా? చేరితే ఎన్ని కిలోమీటర్ల ఛార్జి మిగులుతుంది? ఆ మిగులు సరిపోతుందా, లేక ఇంకొక పది నిమిషాలు కూర్చోవటం మేలా? లెక్క చేసి, మీ అమ్మానాన్నలతో వాదించి చూడండి.